నాలుగోవైపు చూడని తొర్ర

వైశాఖ బహుళ నవమి ఆదివారం, పొద్దుగూకడానికి రెండు గడియల ముందు, గాలివానకి నల్లమద్ది చెట్టు కూలింది. దాని తొర్రలో ఒక కొమ్ముముక్కు పిట్ట పొదిగి ఉంది. ఆ జాతి తల్లి లోపల కూర్చుని, ముక్కు పట్టేంత సందు వదిలి వాకిలి మట్టితో మూసేసుకుంటుంది. ఈకలు రాల్చుకుంటుంది కనక ఎగరలేదు. మగపిట్టే పండ్లు తెచ్చి అందించాలి.

అందుకే తొర్రలో దూరకముందు వడ్రంగి పిట్టని పిలిచి మాను కొట్టి చూపించుకుంటారు. ఆ చెట్టుకీ పిలిచారు.

“మూడు వైపులు చూడు మేస్త్రీ. నాలుగోవైపు తేనెపట్టుంది, ఈగలు రేగితే చంపేస్తాయి. మా ఆవిడకి గుడ్డు దిగే వేళయింది, తొందరగా చెప్పు,” అంది మగపిట్ట.

వడ్రంగి పిట్ట భార్య పక్క కొమ్మ మీంచి మెల్లిగా అంది: “చూడనివ్వని ఇంటికి పూచీ పడకండి. దేవుడు రెక్కలిచ్చింది ఇలాంటప్పుడు వచ్చేయడానికే.”

“వచ్చేస్తే ఆ వాగుడుకాయ పాలపిట్ట ఊరుకుంటుందా? ఈగలకి జడిసి పారిపోయానని అడవంతా చాటదూ!” అంది వడ్రంగి పిట్ట.

మూడు వైపులూ గట్టిగా మోగాయి. నాలుగోదీ అంతేలే అనుకుని, “నిక్షేపంలా ఉంది, దూరమ్మా,” అనేసింది వడ్రంగి పిట్ట. ఆ నాలుగోవైపే చెదపురుగులు మానుని డొల్ల చేసి ఉన్నాయి.

చెట్టు కూలిన మర్నాడు, తెల్లవారగానే వడ్రంగి పిట్ట ఇంటిల్లిపాదీ వచ్చి మట్టి వాకిలి పొడవసాగారు. లోపల చప్పుడు లేదు. మగపిట్ట మాత్రం పక్కనే తిరుగుతూ, “మెల్లిగా నాయనా, లోపల గుడ్లున్నాయి,” అంటూనే ఉంది.