స్టీరింగు ఉన్న కారుకు బీమా

పాతకాలపు కార్లకు బీమా ఇచ్చే కంపెనీలు కాకినాడలో రెండే మిగిలాయి. ఇంజను స్టార్టు చేయనని మాటిస్తే వెంటనే రాసిస్తానంది మొదటిది. రోడ్డు మీద తిప్పుకోనిస్తాను గాని, ముందు మా సర్వేయరు పక్కన కూర్చుని చూడాలంది రెండోది. అదీ కాదంటే కారు ఇక గేటు దాటదు. అయినా సహస్ర మామ్మగారు రెండోదాన్నే పిలిచారు.

"తిప్పని కారుకి బీమా ఎందుకండీ? బీరువాకి చేయించుకోవచ్చు," అన్నారు.

సర్వేయరు వేదాంశి మామ్మగారి అంబాసిడర్ ఎక్కి, అలవాటు కొద్దీ డాష్‌బోర్డుకు "సర్పవరం జంక్షన్" అని చెప్పి కళ్ళు మూసుకుంది.

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టివచ్చిన మామ్మగారు నవ్వారు. "దానికి చెవుల్లేవమ్మా. నాకు చెప్పు."

నిమ్మకాయలు చిట్లాయి. కారు కదిలింది. తమంతట తామే నడిచే కార్లన్నీ దీన్ని ఏమనుకోవాలో తెలియక పక్కకు ఒదిగి ఆగిపోయాయి. వాటిలో నిద్రపోతున్నవాళ్ళు లేచి అద్దాలకు ముఖాలు ఆనించారు. మలుపులో కుక్కపిల్ల అడ్డొచ్చింది. మామ్మగారు బ్రేకు తొక్కి, చెయ్యి బయటపెట్టి వెనకవాళ్ళను ఆగమన్నారు.

"ఆపమని మీకెవరు చెప్పారండీ?" వేదాంశి ఆవిడ వైపు తిరిగింది.

"ఎవరు చెప్తారే? చూశాను, ఆపాను."

ఇంటికొచ్చాక వేదాంశి దిగి బానెట్ మీద చెయ్యి వేసింది. ప్రాణమున్న ఒంటిలా వెచ్చగా ఉంది. ఆ చేతిని కళ్ళకద్దుకుంది.

"బీమా ఇచ్చేస్తున్నానండీ. సర్వే అయిపోయింది. ఊరికే... ఇంకోసారి తిప్పుతారా?"

"ఎక్కడికే?"

"ఎక్కడికైనా. ఈసారి కళ్ళు మూసుకోను."