లుంగీ ముడి

బల్ల మీద రెండు కత్తెరలు, ఒక కూరగాయల చాకు, ఎవరిదో మంగలి కత్తి, దేముడమ్మ అడకత్తెర.

పొద్దుట్నుంచీ పేట సర్కారు ఆఫీసు గుమ్మంలో కాపలా ఉన్న అహరోను జనం దగ్గర లాక్కున్నవి.

"ఏటిరా అహరోనూ, అడకత్తెర్తో నానెవుర్ని సంపుతాను? వక్క నమల్డానికి పళ్లే నేవు నాకు."

"రూలత్తా. ఎల్లేటప్పుడు పట్టుకెళ్లు."

అతని నెత్తి మీద బోర్డు. ఆఫీసు లోపలికి ఆయుధం తేకూడదు, ఎవరైనా సరే. బర్మా అక్షరాల్లో, ఎర్ర రంగులో.

ఏళ్ల తరబడి ఆ బోర్డు కింద నిలబడి అహరోను సంచులు విప్పించాడు. ముసలమ్మల అన్నం క్యారియర్లు కూడా మూత తీయించి చూశాడు. ఛీ అనిపించినా చూశాడు.

సర్కారు చొక్కా తొడుక్కున్నవాడి ఇంటి జోలికి ఎవరూ రారని అప్పట్లో అతని నమ్మకం. యాంగోన్లో చిమిండైంగ్ మార్కెట్ వెనకున్న తెలుగు ఇళ్లన్నిటిదీ అదే నమ్మకం.

క్యూ మెట్లు దిగి రోడ్డు దాకా పాకింది. దాన్ని ఒరుసుకుంటూ చిట్ లైంగ్ పైకి వచ్చాడు.

మొన్నటిదాకా మూలమీద కిళ్లీలు కట్టినవాడు. ఇప్పుడు పేటకి పెద్దమనిషి. సైన్యంలోకి కుర్రాళ్లని పట్టుకుపోయేవాళ్లకి ఏ ఇంట్లో ఎవడున్నాడో వేలు పెట్టి చూపించేది అతనే.

యాంగోన్లో మగాడన్నవాడు ఊరికే ఉండడు. మాట్లాడుతూ మాట్లాడుతూనే లుంగీ వదులు చేసి, ఓసారి విదిలించి, మళ్లీ ముడి బిగిస్తాడు. బస్సులోనైనా, బ్యాంకులోనైనా.

చిట్ లైంగ్ మాత్రం ఈమధ్య నలుగురిలో ముడి ముట్టుకోవడం మానేశాడు. మోచెయ్యి నడుముకి ఆనించి, కడుపునొప్పి మనిషిలా నడుస్తున్నాడు.

ఎందుకో ఆఫీసులో అందరికీ తెలుసు. తెలుసని ఎవరూ అనరు.

"ఆయన వస్తే నువ్వు దగ్గుతూ అటు తిరిగిపో," అని లోపలి ఆఫీసరు ముందే చెప్పిపెట్టాడు.

ఇన్నాళ్లూ అహరోను దగ్గాడు.

"ఆ బాబు బొడ్డుకాడ ఎత్తుగా ఉందేటి?" దేముడమ్మ గొంతు లేచింది. "కణితా? ఆస్పత్రికెల్లక ఇక్కడికొచ్చేడేటి?"

అక్కడితో ఊరుకుందా, అదే మాట బర్మా భాషలో మళ్లీ అంది.

క్యూ అంతా కిసుక్కుమంది. వెంటనే నోరు మూసుకుంది.

ఆ నవ్వు విన్నాక అహరోనుకి దగ్గు రాలేదు.

ఇంట్లో భార్య గ్రేసమ్మ, కూతురు టీనా. ముగ్గురి నోట్లోకీ వెళ్లేది ఈ జీతమే. పైగా చిట్ లైంగ్‌కి ఎదురు చెప్పినవాళ్లు ఆ తర్వాత పేటలో కనబడరు.

అన్నీ తెలిసే చెయ్యి అడ్డం పెట్టాడు.

"సయా," అన్నాడు, బర్మాలో పెద్దవాళ్లని పిలిచినట్టే మర్యాదగా. "నడుం దగ్గరున్నది తీసి బల్ల మీద పెట్టండి."

చిట్ లైంగ్ నవ్వాడు. జేబులోంచి కాగితం తీసి అహరోను ముక్కు ముందు ఆడించాడు.

"లైసెన్సు. పిస్తోలు పెట్టుకుని తిరగొచ్చని సర్కారే ఇచ్చింది."

"వీధిలో తిరగండి సయా. ఇది ఆఫీసు."

"ఆఫీసూ సర్కారుదే, కాగితమూ సర్కారుదే."

"బోర్డూ సర్కారుదే."

దాన్ని బయటికి తీయాలంటే లుంగీ విప్పాలి. అంతమంది ఆడవాళ్ల ఎదట.

"ఇప్పమనరా," అంది దేముడమ్మ. "మొకాలు అటు తిప్పుకుంటాంలే."

చిట్ లైంగ్ మెడ నరం ఉబ్బింది. అయినా గొంతు పెంచలేదు. ఇంకా తగ్గించాడు.

"నీకో కొడుకుండాలి కదూ. నాథనో ఏదో. వయసుకొచ్చాడా?"

క్యూలో పసిపిల్ల ఏడుస్తుంటే తల్లి దాని నోరు మూసింది.

"పోయిన వానల్లో మీరే పట్టుకెళ్లారు సయా," అన్నాడు అహరోను. "కంచం ముందు నుంచి లేపి. చెయ్యి కడుక్కోనివ్వమని వాళ్లమ్మ మీ కాళ్లు పట్టుకుంది."

చిట్ లైంగ్ కళ్లు అటూ ఇటూ వెతుక్కున్నాయి.

అతనికి నిజంగానే గుర్తులేదు.

లోపల్నుంచి ఆఫీసరు విసురుగా వచ్చాడు. "ఏమిటీ గోల? తప్పుకో అహరోనూ. రేపట్నుంచి నువ్వు పనిలోకి రావద్దు."

"రేపటి సంగతి రేపు. ఇవాళ సాయంత్రం దాకా డ్యూటీ నాది."

అహరోను స్టూలు లాగి గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు.

చిట్ లైంగ్ చెయ్యి చొక్కా కిందికి వెళ్లింది. అక్కడే ఉండిపోయింది.

ఆఫీసరు ఒక అడుగు వెనక్కి వేశాడు.

దేముడమ్మ మోకాళ్లు పట్టుకుని మెట్టెక్కింది. చిట్ లైంగ్‌ని దాటుకుని వచ్చి, గుమ్మంలో స్టూలు పక్కనే నేలమీద చతికిలబడింది.

"కూసింత జరగరా," అంది.