మూడో అడుగు కుంటాలి

ఇలా దగ్గరికి జరగండి. పొయ్యిలో ఇంకో దుంగ వేశాను, కాఫీ కూడా వేడిగానే ఉంది. మా తెలెమార్క్ లోయలో పైఇంటి హాల్వోర్ సంగతి, అతని మనవరాలు సిగ్నే సంగతి చెబుతాను.

“ఇదిగో తాతా, ఇది నాకొద్దు.” సిగ్నే తన చిన్న ఫిడేలు తెచ్చి వంటింటి బల్లమీద, బంగాళాదుంపల తొక్కల పక్కన పెట్టేసింది.

హాల్వోర్ కత్తి ఆపలేదు. “దుంపలతో పాటు ఉడకెయ్యమంటావా?”

“నవ్వకు తాతా. సోమవారం సంగీతం బడిలో తిరిగిచ్చేస్తాను. అమ్మ కూడా సరేనంది.”

గుమ్మంలో మంచు బూట్లు విప్పుతున్న వాళ్ళమ్మ మారిట్ తలెత్తింది. “సరేననక ఏం చెయ్యను నాన్నా? ఇది మొదలెడితే చాలు, పిల్లి మంచులోకి పరుగు. ఆ తర్వాత దీని ఏడుపు.”

“పిల్లి గోల మనకెందుకు? నీకేం కష్టమొచ్చిందే?”

“కమాను పట్టుకోవడమే రావట్లేదు. బొటనవేలు ఎక్కడ పెట్టినా జారిపోతోంది. ఎక్కడ పెట్టాలి తాతా?”

హాల్వోర్ ఆ బుల్లి వేలివంక కాసేపు చూశాడు. “నీ వేలి సంగతి నన్నడుగుతావేం? దాన్నే అడుగు.”

“నీకు తెలుసుగా!”

తెలియకేం? అతని గోడమీద వాళ్ళ నాన్న తార్యే ఫిడేలు వేలాడుతుండేది. తార్యే పేరుమోసిన వాయిద్యగాడు. వాయించేటప్పుడు పిల్లల్ని బయటికి తోలి తలుపేసుకునేవాడు. హాల్వోర్ గోడకి చెవి ఆనించి పాటలన్నీ పట్టేశాడట. ఫిడేలు లేనప్పుడు మేం నోటిపాటకే డాన్సు చేస్తాం. హాల్వోర్ నోరెత్తితే కీళ్ళనొప్పుల ముసలమ్మలు కూడా లేచి ఆడేవాళ్ళు. మరి ఆ ఫిడేలు ఎందుకు దింపడూ అంటే, పొగరని కొందరు, పెళ్ళాం పోయిన దిగులని కొందరు.

“బడిలో ఏ పాట చెప్పారు?” అన్నాడు.

“మన తార్యే తాత పాటే. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ వాయించాలి.”

“మూడూ సమానంగానా?”

“పుస్తకంలో అలాగే ఉంది.”

“పుస్తకం ఎప్పుడైనా డాన్సు చేసిందా? లే!” అతను చేతిలో దుంపతోనే లేచాడు. తా రీ లా, తా రీ లా అని నోటితో పాట అందుకుని బల్ల చుట్టూ నడిచాడు. మొదటి అడుగు బారుగా, రెండోది బరువుగా, మూడోది పొట్టిగా. “చూశావా? మూడో అడుగు కుంటాలి. కుంటకపోతే అది మన లోయ పాటే కాదు.”

సిగ్నే వెనకాలే నడిచింది. తడబడింది, నవ్వింది, మళ్ళీ నడిచింది. మొహం ఎర్రబడేదాకా నడిచి, ఆగి, మళ్ళీ కూర్చుని దుంప చెక్కుతున్న తాతకి గోడవంక వేలు చూపించింది.

“పందెం తాతా. వసంతం డాన్సుల్లో అందరి ముందూ నేనీ పాట మొత్తం వాయిస్తాను. నేను వాయిస్తే నువ్వు ఆ ఫిడేలు తీసి వాయించాలి.”

కత్తి ఆగింది. పొడుగ్గా వేలాడుతున్న తొక్క తెగి కింద పడింది.

“మొత్తం?”

“మొత్తం.”

“సరే. అయితే సోమవారం నీ ఫిడేలు ఎక్కడికీ పోవట్లేదు.”

ఇక ఆ చలికాలమంతా చూడాలి! లోపల సిగ్నే, బయట కట్టెలు కొడుతూ హాల్వోర్, మధ్యలో ఓరగా తెరిచిన కిటికీ.

“ఊఁహూఁ! మూడో అడుగు నిటారుగా నిలబడింది. కుంటించు!”

“ఏ వేలు తాతా?”

“ఏ వేలికి దొరికితే ఆ వేలు!”

“కమాను వణుకుతోంది!”

“చెంచా నిండా జామ్ పట్టుకుని మీ అమ్మమ్మ నాటి తెల్ల బల్లగుడ్డ మీంచి మరక పడకుండా ఎలా తీసుకెళ్తావ్? అలాగే!”

సిగ్నే చెంచాతోనూ సాధన చేసింది. సీసా సగం ఖాళీ అయింది.

మారిట్‌కి ఒళ్ళు మండింది. “నాన్నా, ఒక్కసారి లోపలికొచ్చి చూపించొచ్చు కదా!”

“చూపిస్తే నా చెయ్యి నేర్చుకుంటుంది. దాని చెయ్యి అది నేర్చుకోవద్దూ?”

సిగ్నే కొన్నాళ్ళు ఏడ్చింది. కమాను మంచంమీదికి విసిరింది, తనే వెళ్ళి తెచ్చుకుంది. “నీచేత వాయింపించకపోతే నా పేరు సిగ్నే కాదు ముసలాడా!” అని కిటికీలోంచి అరిచేది. ఒకరోజు చూసుకుంటే బొటనవేలు దానంతటదే ఒకచోట కుదురుకుని ఉంది. ఇంకొన్నాళ్ళకి పిల్లి పారిపోవడం మానేసి ఫిడేలు పెట్టెలోనే పడుకోసాగింది.

మంచు కరిగింది. వసంతం డాన్సులకి లోయంతా ఊరి హాల్లో చేరింది. సిగ్నే నిలబడి నేలమీద కాలు తాటించి మొదలుపెట్టింది. మధ్యలో ఒకచోట తప్పింది. ఆగలేదు, పళ్ళు బిగించి అందుకుంది. మూడో అడుగు ఎంత బాగా కుంటిందో! నా కాళ్ళు బల్ల కింద ఆగలేదు. జనం లేచారు, ఆడారు. పాట మొత్తం అయింది.

చప్పట్లు ఆగకముందే సిగ్నే బల్ల కిందినుంచి శాలువా మూట తీసి విప్పింది. తార్యే ఫిడేలు! పొద్దున గోడమీంచి తనే దింపి, బడి పంతులమ్మ చేత తీగలు బిగించి పెట్టింది.

“పందెం, తాతా!”

“పిల్లల్ని ఊరుకోబెట్టండి, అసలు వాయిద్యం ఇప్పుడు వింటారు,” అన్నారెవరో వెనకనుంచి. హాల్వోర్ మెల్లగా వచ్చి ఫిడేలునీ కమానునీ అందుకున్నాడు. కమానుని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ముట్టుకుని చాలా ఏళ్ళయింది కదా అనుకున్నాం. అతను కమానువంక చూశాడు, మనవరాలి వంక చూశాడు, వంగి దాని చెవిలో ఏదో అన్నాడు. నేను ముందు వరసలో ఉన్నాను కాబట్టి వినబడింది.

ఈ కథ గుర్తుపెట్టుకోండి, మీ పిల్లలకీ చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం హాల్వోర్ అన్న ఈ ముక్కని ఆఖరిదాకా దాచండి:

“బొటనవేలు ఎక్కడ పెట్టాలే, తల్లీ?”