దక్షిణపు గోడ

మనుషులు ఇల్లు చూపిందే చూసి, ఇల్లు వినిపించిందే వినే ఆ మహోజ్జ్వల యుగంలో, హైమావతి తన కొత్త చిత్తరువును దక్షిణపు గోడకు తగిలించింది. ఆ గోడ పోయినవారిదన్న ఆచారం ఆమె మరిచినా, సకలశాస్త్ర పారంగతమైన ఇల్లు మరువలేదు. పటానికి తక్షణం గంధపు దండ వెలిసింది.

"బతికుండగానే దండేస్తావా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది!" అని ఇంటిని తిట్టి, ఆమె భర్తను పిలిచింది. "ఏమండీ, ఈ చోద్యం చూశారా?"

ఆ పిలుపు వినబడకపోయినా అటుగా వచ్చిన చిదంబరానికి ఆమె కనబడలేదు. దండ చూసి కూలబడ్డాడు.

"భోంచేశారా అండీ?" అంది పటం, అచ్చం ఆమె గొంతుతో.

"నువ్వు లేకుండా ఎలా తిననే?" అని ఆయన గొల్లుమన్నాడు.

ఇల్లు తనను చంపేసిందని గ్రహించిన హైమావతి పటాన్ని దించబోయింది. తన కంటికి దానంతటదే కదులుతున్న పటాన్ని ఆయన రెండు చేతులా గోడకు అదిమిపట్టాడు.

"వెళ్ళకే హైమా! ఒకసారి పోయావు, చాలదూ?"