రోజుకు ఐదు మాటలు

“మళ్ళీ అను! ఇందాక పెరట్లో అరిచావే, ఆ ముక్క మళ్ళీ అను చూద్దాం!”

మామగారు తెమిర్ కేకకు గిన్నెల్లో టీ తొణికింది. బెగిమాయ్ మాత్రం రొట్టె తుంచడం ఆపలేదు.

“ఐరన్ అన్నాను మామయ్యా.”

“విన్నావట్రా!” ఆయన కొడుకు ఎర్మెక్ వైపు తిరిగాడు. “నా పేరు ఎత్తింది నీ పెళ్ళాం!”

కిర్గిజ్ భాషలో తెమిర్ అంటే ఇనుము. ఆ లోయలో ఆడవాళ్ళు మొగుడి పేరు గానీ మామగారి పేరు గానీ ఎత్తరు. ఆ పేరులో ఉన్న మాట మామూలుగా వాడవలసి వచ్చినా పలకరు. అందుకని ఆ ఇంటి ఆడవాళ్ళకు మేకూ, బాణలీ, గుర్రపు నాడా అన్నీ ‘నల్లది’. ఆ పొద్దున గుర్రాన్ని కట్టిన ఇనుప గూటం ఊడింది. “నల్లది ఊడింది, నల్లది!” అని బెగిమాయ్ రెండుసార్లు అరిస్తే ఎర్మెక్ పొయ్యి పొగగొట్టం అనుకుని దాన్ని పట్టుకోవడానికి పరిగెత్తాడు. గుర్రం పక్కవాళ్ళ బార్లీ చేలో పడింది. మూడోసారి ఆమె నోటికి ఇంగ్లీషు మాట వచ్చింది. అతను వెంటనే గుర్రం వెనక పడ్డాడు.

“గుర్రం దొరికిందిగా నాన్నా…” అని నసిగాడు ఎర్మెక్.

“నువ్వు నోరు ముయ్. ఆ ముక్క నీకు అర్థమైందంటే నువ్వూ చదువుతున్నావన్నమాట!”

ఎర్మెక్ చెవులు ఎర్రబడ్డాయి.

“గుర్రం పోతే పోనివ్వాల్సిందా మామయ్యా?” అంది బెగిమాయ్.

“గుర్రం పోతే ఇంకోటి కొంటాను. మర్యాద పోతే ఏ సంతలో కొనను?”

ఆయన లేచి పొయ్యి పక్క గోడ దగ్గరికి వెళ్ళాడు. బెగిమాయ్ రోజూ ఐదు ఇంగ్లీషు మాటలు తన నోటుపుస్తకంలోంచి కాగితం మీద రాసి అక్కడ అంటిస్తుంది. నాలుగు మాటలు, ఒక నుడికారం. పిండి పిసుకుతూ, పాలు మరిగిస్తూ వల్లె వేసుకుంటుంది. ఊరి బడిలో ఇంగ్లీషు పంతులమ్మ ఉద్యోగం ఖాళీగా ఉంది. శుక్రవారం నరీన్ పట్నంలో దానికి పరీక్ష. మిగతా మాటలకు అర్థం పక్కనే రాసింది గానీ, ఇనుము దగ్గర రాయడానికి చెయ్యి రాక గుర్రపు నాడా బొమ్మ గీసింది. ఆ బొమ్మే పట్టిచ్చింది.

తెమిర్ కాగితం పీకి, చేతులు దూరంగా చాచి చదివాడు.

“‘కేకు ముక్క, అంటే చాలా సులువైన పని.’ ఇదొక భాషా? కేకుకీ పనికీ ఏమిటి సంబంధం?”

“వాళ్ళలాగే అంటారు, అంతే.”

“శుక్రవారం నువ్వు నరీన్ వెళ్ళడం లేదు. మేమూ ఇలాగే అంటాం, అంతే.”

“వెళ్తాను.”

“ఏమన్నావ్?”

“వెళ్తానన్నాను మామయ్యా. ఇది కిర్గిజ్‌లోనే అన్నాను.”

ఎర్మెక్‌కు టీ గొంతుకు అడ్డం పడింది. తెమిర్ కాగితాన్ని ఉండ చుట్టి నేలకేసి కొట్టాడు.

“ఉమ్సునాయ్!”

పొయ్యి దగ్గర నిలబడ్డ ఆయన భార్య చేతుల పిండి దులుపుకుంది.

“ముప్పై ఆరేళ్ళు కాపురం చేశావు. దీనికి ఆడదాని నడవడి ఏమిటో చెప్పు. చెప్పి, ఆ నోటుపుస్తకం నీ చేత్తో పొయ్యిలో పడెయ్.”

బెగిమాయ్ పక్కనున్న పుస్తకాన్ని లాక్కుని గుండెకు అదుముకుంది. ఎనిమిది నెలల మాటలున్నాయి అందులో.

“ఇవ్వను అత్తయ్యా. కావాలంటే రొట్టె పెట్టడం మానెయ్యండి. ఇది మాత్రం ఇవ్వను.”

“ఇలా ఇవ్వు.”

“అత్తయ్యా…”

చాచిన చెయ్యి అలాగే ఉంది. ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజు తన తలకు కొత్త కోడలి తెల్లరుమాలు కట్టిన చెయ్యి అది. బెగిమాయ్ పళ్ళు బిగించి ఇచ్చింది.

ఉమ్సునాయ్ పొయ్యి తలుపు తెరిచింది. మంట వెలుగు ఆమె మొహం మీద పడింది.

“తప్పు నీదే,” అంది కోడలితో. “పెద్దవాళ్ళ పేరు పరాయి భాషలో చాటు చేసి అంటారా ఎక్కడైనా? సిగ్గులేదూ?”

“అదీ! అలా గడ్డి పెట్టు!” తెమిర్ గడ్డం నిమురుకున్నాడు.

ఉమ్సునాయ్ పక్కనున్న పిడకొకటి మంటలో వేసి తలుపు మూసింది. పుస్తకాన్ని కోడలి ఒళ్ళో పడేసి, మొగుడి కళ్ళలోకి సూటిగా చూసింది.

“అనదలుచుకుంటే ఇలా అనాలమ్మాయ్… తెమిర్, కూర్చో. పిల్లని చదువుకోనీ.”