గాలి సాక్ష్యం

"తాళంచెవి ఇచ్చేయ్ ఉరుకుందూ. రేపట్నుంచి వేరే మనిషి కాపలా ఉంటాడు."

ఎమ్మిగనూరు బయట, చేలో నిలబెట్టిన టవర్ కింద చెయ్యి చాపి అంది తేజస్వి. ఈ నేల కార్బన్‌ను పీలుస్తోందో వదులుతోందో గాలిని కొలిచి తేల్చడం ఆమె పని. చుట్టుపక్కల ఎవరూ పత్తికట్టె కాల్చకుండా చూడటం ఉరుకుందు పని. నిన్న సాయంత్రం కంప్యూటర్‌లో గాలిలోని కార్బన్‌ను చూపే గీత ఒక్కసారిగా పైకి లేచింది; ఉరుకుందే కట్టె కాల్చాడని ఆమె అనుమానం.

"నేను కాల్సలేదు మేడమ్. నాకు పేరిచ్చిన ఉరుకుంద ఈరన్న సామి మీద ఒట్టు. ఆ గాలి యాడనుంచి వచ్చినాదో!"

"నీ ఒట్టు నిజమైతే గీత అబద్ధమా?"

అతను మొలతాడుకున్న తాళంచెవి విప్పి ఆమె చేతిలో పెట్టాడు. అంతలో ఫోన్ మోగింది. ఈ పరిశోధన నడిపించే ప్రొఫెసర్ శేషాద్రి.

"ఇన్నేళ్లయింది తేజస్వీ! నేల పీలుస్తోందా, వదులుతోందా? ఒక్క మాట చెప్పు."

"చెప్పలేను సార్!" విసుగ్గా అంది. "ఒక ఏడు పీల్చినట్టుంటుంది, మరో ఏడు వదిలినట్టుంటుంది. గాలి ఎక్కడెక్కడిదో మోసుకొస్తుంది. ఒక్క గీతను పట్టుకుని తప్పు ఈ నేలదేనని ఎలా అంటాం?"

అన్నాక ఆ మాట ఆమెకే వినబడింది. ఉరుకుందు తల వంచుకుని నిలబడే ఉన్నాడు. ఆమె ఫోన్ పెట్టేసి, తాళంచెవి అతని ముందుకు చాపింది.

"మళ్లా గీత లేస్తే మేడమ్?"

"ముందు గాలి యాడనుంచి వచ్చిందో చూస్తా."

తాళంచెవి అందుకోడానికి అతని చెయ్యి ఇంకా లేవలేదు.