రౌటర్ తలుపు

"బావా! హేరిన్ ఫోన్ మన రౌటర్‌ని తడుతోంది. పొద్దుట్నించీ నలభైసార్లు!" లాప్‌టాప్ చూస్తూ అరిచాడు నా బావమరిది గ్యుచాన్.

కాలేజీ ప్రవేశపరీక్ష మార్కులొచ్చిన క్షణం నుంచీ నా కూతురు హేరిన్ కనబడటం లేదు. సియోల్ అంతా గాలించాం. దాని ఫోన్‌లో సిమ్ లేదు, వైఫై తప్ప దిక్కులేదు.

"మరి తెరమీద దానికి ఐపీ నంబరు లేదేంరా?"

"అది లోపలికి రానిచ్చాక రౌటర్ ఇచ్చేది, ఇవ్వలేదు. మ్యాక్ నంబరు ఫోన్‌తో పుట్టింది, అదే ఇక్కడుంది. దాన్నెవరో బ్లాక్ చేశారు."

"నేనే... పరీక్షకి చదువుకుంటుందని."

"బావా, వైఫై అందే దూరంలోనే ఉంది పిల్ల!"

బ్లాక్ తీశాను. పొద్దున అది రాసిన మెసేజ్ ఇప్పుడు నా ఫోన్‌కొచ్చింది.

"నాన్నా, డాబా మీదున్నా. తిట్టనని ఒక్క మాట రాయి, దిగొస్తా."

రాయలేదు. మెట్లెక్కి పరిగెత్తాను.